మహమ్మారి నాటి ప్రహసనము

1610వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఇంగ్లండు దేశమునందలి ఆక్స్‌ఫర్డు పట్టణమునకు లండను నుండి ఒక నాటక సమాజము వచ్చినది. అది సామాన్యమైన సమాజము కాదు. రాజుగారి పోషణలో నున్నది. షేక్స్‌పియర్ మహాకవి అందులో భాగస్వామి. థేమ్స్ నదికి దక్షిణపు గట్టున గ్లోబు నాటకశాల, ఉత్తరపు గట్టున బ్లాక్‌ఫ్రయర్సు నాటకశాల, రెండును వారివే. ఇన్ని సౌకర్యములుండగా బండ్లు కట్టుకొని పొరుగూరు రావలసిన అగత్యమేమి? ఆ వేసవిలో లండనున ప్లేగు మరల తలయెత్తినది, నాటకశాలలు మూతపడినవి.

ఆక్స్‌ఫర్డులో వారు ఆడిన నాటకములలో రెండింటిని గూర్చి హెన్రీ జాక్సన్ అను కళాశాల పండితుడు లాటిను భాషలో జాబులు వ్రాసెను. 'ఒథెల్లో' చూచి ఆయన హృదయము కరగినది. మరణించి పడియున్న డెస్డిమోనా ముఖమే ప్రేక్షకుల జాలిని వేడుకొనుచున్నట్లు తోచినదట. రెండవది హాస్యనాటకము. అందులో ఒక కపట భక్తుడు రంగమునకు రాగానే నాటకశాల కరతాళధ్వనులతో మ్రోగినదనియు, దైవశాస్త్ర పండితులు సైతము ఎగబడి వచ్చిరనియు ఆయన వాపోయెను. ఆ నాటకము బెన్ జాన్సన్ రచించిన 'ది ఆల్కెమిస్ట్'. మనము 'రసవాది' అనుకొందము. ప్లేగు భయమున నాటకశాలలు మూసిన దినములలో, ప్లేగు భయమున యజమాని విడిచిపోయిన యింటి కథను ఆడి జనమును కడుపుబ్బ నవ్వించిన నాటకమది. చావు నెదుట పెట్టుకొని ఈ నవ్వెట్లు సాధ్యమైనదని మేము విచారింపదలచితిమి.

ఆ కాలపు కట్టుబాట్లు కొన్ని ముందుగా తెలియవలెను. వారమునకు ప్లేగు మరణములు 30 దాటినచో నాటకములు నిలుపవలెనని నియమముండెను. పిమ్మట ఆ సంఖ్య 40 అయినది. వారము వారము వెలువడు మరణపట్టికలోని ఆ ఒక్క అంకెపై నటుల కూడు ఆధారపడియుండెను. 1577లోనే ఒక మతబోధకుడు తర్కశాస్త్ర పద్ధతిని ప్లేగునకు మూలము నాటకములే యని తేల్చియుండెను గనుక, అంకె కొంచెము పెరిగినను తలుపులు మూయించుటకు పెద్దలు సిద్ధముగనే యుండిరి. 1603లో వచ్చిన తాకిడి ఘోరమైనది. సుమారు 2 లక్షల జనముగల నగరమున సుమారు 30 వేలమంది మరణించిరి. ఆ యేడు జూలై 25న జేమ్సు రాజు పట్టాభిషేకమైనను ఊరేగింపు మాత్రము 1604 మార్చి వరకు వాయిదా పడినది.

రోగి యున్న యింటికి ఎఱ్ఱని శిలువగుర్తు వేసి, దైవకృపను వేడు కాగితమంటించి, ఆరోగ్యవంతులను గూడ లోపలనే యుంచి తలుపు బిగించెడివారు. వాకిట కావలివాడుండెను. ఒంటిపై ప్లేగు పుండ్లుండగా బయటకు వచ్చి జనములో కలిసినవానిని ఉరి తీయవచ్చునని 1604లో చట్టము చేసిరి. మన తరము 2020లో ఎరిగిన గృహనిర్బంధము దీనిముందు లాలన వంటిది. ధనికులకు వేరొక మార్గముండెను: ఊరు విడిచి పల్లెలకు పోవుట. ఇల్లు నౌకరు చేతిలో పెట్టి పోయెడివారు.

నటులకు మిగిలినది దేశసంచారము. కొన్ని పట్టణములవారు, ఆటయు వద్దు అంటును వద్దని, ఆడకుండ వెడలిపోవుటకే కొంత సొమ్మిచ్చి పంపుచుండిరి. ఆడనందులకు పారితోషికమందిన కళాకారులు లోకమున అరుదు! రాజపోషిత సమాజమునకు మాత్రము కొంత ఆదరువు కలదు. 1604 ఫిబ్రవరిలో ఆ సమాజపు మేటి నటుడైన రిచర్డ్ బర్బేజ్ పేర 30 పౌనులు ఖజానా నుండి ముట్టినవి. 1609లో 40 పౌనులిచ్చిరి. అంటురోగ కాలమున ఏకాంతముగా సాధన చేసి, క్రిస్మసునకు రాజసన్నిధిని ఆడుటకు సిద్ధముగ నున్నందులకట. 1608 ఆగస్టులో బ్లాక్‌ఫ్రయర్సు శాల వారికి స్వాధీనమైనను ప్లేగు వలన అందు చాలకాలము దీపము వెలుగలేదు.

ఇక నాటకమునకు వత్తము. లవ్‌విట్ అను గృహస్థు ప్లేగునకు వెరచి పల్లెకు పోయినాడు. ఇంటి నౌకరు జెరెమీ, ఫేస్ అను మారుపేరు పెట్టుకొని, సటిల్ అను మోసగానిని, డాల్ కామన్ అను గయ్యాళిని తోడు చేర్చుకొని, ఆ ఖాళీ యింటిలో రసవాదపు కొలిమి పెట్టినాడు. ఇనుమును బంగారము చేయు పరుసవేది సిద్ధమగుచున్నదని వదంతి పుట్టించిరి. రసవాద మనగా తెలుగువారికి కొత్త కాదు. వేమనకు ఆ విద్య తెలియునని మన పల్లెలలో చెప్పుకొను కథ కలదు. ఇత్తడిని పుత్తడి చేసెదమని వచ్చి ఉన్న పుత్తడిని మాయము చేయు గోసాయిల కథలును కలవు. జాన్సన్ నాటకమున సటిల్ ఆ కోవకు చెందినవాడు.

ఇంటికి వచ్చువారి వరుస చూడవలసినదే. జూదమున గెలిపించు దయ్యమును కోరి వచ్చిన న్యాయవాది గుమాస్తా డాపర్. అంగడిలో ద్వారమెటు పెట్టవలెనో, అలమారు లెటుండవలెనో మంత్రబలమున చెప్పుమను పొగాకు వర్తకుడు డ్రగ్గర్ (వాస్తు చెప్పించుకొను మన సెట్టిగారిని తలచుకొనుడు!). సర్ ఎపిక్యూర్ మామన్ అను సంపన్నుడు పరుసవేది యింకను చేతికి రాకమునుపే తన భోజనములను, భోగములను వర్ణించుటలో మునిగియుండును. అంతేకాదు, ఆ రాతి మహిమతో దేశమునుండి ప్లేగును మూడు నెలలలో తరిమివేసెదనని పలుకును. అప్పుడు నటులు వైద్యుని వలన లాభపడి ఆయన కీర్తిని పాడుదురని, అతనిని నమ్మని మిత్రుడు సర్లీ ఎగతాళి చేయును. ఇది నటులే రంగముపై పలికిన మాట యని మరువరాదు. నాటకశాల తెరచియుండుటయా, మూసియుండుటయా అని ప్రతి వారము పట్టిక చూచుకొనువారి నోట ఆ చమత్కారము ఎంత చేదుగా ధ్వనించియుండునో!

ఇందొక విశేషమును గమనింపవలెను. నగరమున తలుపులపై శిలువలున్నవి. ఎవరి యింటికెవరు పోరాదు. అట్టి సమయమున ఈ యింటి వాకిట మాత్రము తలుపు తట్టుడు ఆగదు. ఒకడు లోపలనుండగనే మరియొకడు వచ్చును; వానిని పెరటిలో, వీనిని మేడమీద దాచవలెను. డాపర్‌నైతే కండ్లకు గంతలు కట్టి, నోట తీపిరొట్టె కుక్కి, మరుగుదొడ్డిలో కూర్చుండబెట్టిరి; పాపము, అంకములు గడచిపోవు వరకు వాడందే యుండెను. వచ్చినవారిలో ఒక్కడును ప్లేగునకు జడిసి గుమ్మము కడ ఆగలేదు. బంగారమనిన చాలు, భయము వెనుకకు పోయినది. నాటకపు హాస్యమంతయు ఇందే యున్నదని మా అభిప్రాయము. జాన్సన్ చచ్చినవారిని చూచి నవ్వలేదు. రంగముపై ఒక్క రోగి లేడు, ఒక్క శవము లేదు. చావు వీధిలో తిరుగుచుండగా లాభము కొరకు గుంపుగూడిన బ్రతికినవారిని చూచి ఆయన నవ్వెను.

ఆ యిల్లు ఎచ్చటిదని పెట్టెననుకొన్నారు? బ్లాక్‌ఫ్రయర్సులో! జాన్సన్ 1607లో కాపురమున్నదియు ఆ పేటలోనే. కొవ్వొత్తుల వెలుగున ఆ పేట నాటకశాలలో మోచేతులు తగులునట్లు ఇరుకుగా కూర్చున్న ప్రేక్షకుడు, తాను గూడ రుసుము చెల్లించి, అంటును లెక్కచేయక, బ్లాక్‌ఫ్రయర్సులోని ఒక యింటి తలుపు తట్టి లోపలికి వచ్చినవాడే కదా యని గ్రహింపక మానడు. ఆ పోలికను జాన్సన్ నోట చెప్పలేదు. చెప్పకుండుటయే బాగున్నది.

యజమాని ఎన్నడు వచ్చునను ప్రశ్నకు ఫేస్ మొదటనే సమాధానము చెప్పును: వారమునకొక్కడైనను ప్లేగుతో చచ్చునంతవరకు ఆయన ఈ దరికి రాడని. కాని లవ్‌విట్ వచ్చినాడు. ఫేస్ గడ్డము గొరిగించుకొని మరల వినయశీలుడైన నౌకరు జెరెమీ యైనాడు. వాకిట నిలిచి అయ్యగారిని దూరము జరుగుమనును, ఇంకను దూరము జరుగుమనును. ఇంటికి ప్లేగు సోకినదనును. ఆ మాట విన్నంతనే, అట్లయిన నీవే దూరముగ నుండుమని యజమాని అదలించును. సోకినది ఎవరికి? వంటింటి పిల్లికట! రాత్రివేళ దానిని సాగనంపి నెలదినములు తలుపులు మూసియుంచితినని వాని బొంకు. అంటునకు కుక్కలు, పిల్లులు వాహనములని అప్పటివారి నమ్మకము గనుక బొంకు అతికినది. ఎలుకపైని గోమారియే అసలు దోషియని పాల్ లూయీ సీమాన్ 1898లో, నాటి హిందూదేశమున నున్న కరాచీలో, ప్రయోగముచేసి చూపువరకు పిల్లికి ఆ నింద తొలగలేదు.

ఈ సన్నివేశమును 2020 తరువాత చదువువారికి నవ్వుతోపాటు ఒక కలత గూడ కలుగును. ఒకరినొకరు దూరము జరుగుమనుచు యజమాని, నౌకరు ఆడు ఆ చిన్న నృత్యమును మనము ప్రతి గుమ్మము ముందరను ఆడియున్నాము.

జాన్సన్‌కు ప్లేగు వినోదవస్తువు కాదు. 1603లో ఆయన పెద్దకొడుకు, తండ్రి పేరే కల బెంజమిన్, ఏడేండ్ల బాలుడు, లండనులో దానివాత పడెను. తండ్రి అప్పుడు ఊరలేడు. సర్ రాబర్ట్ కాటన్ యొక్క పల్లెటూరి భవనములో, తన గురువు విలియం కామ్డెన్‌తో కూడ నుండెను. అచ్చట ఆయనకు కొడుకు కనిపించెనట. నుదుట కత్తితో గీచినట్లు నెత్తురు శిలువ. తెల్లవారి గురువుతో చెప్పగా, అది మనోభ్రాంతియని ఆయన ఓదార్చెను. అంతలో భార్య యొద్దనుండి కబురు వచ్చెను. 1618లో కాలినడకను స్కాట్లండు పోయిన జాన్సన్, అచ్చటి కవి డ్రమ్మండ్‌తో ఈ సంగతి చెప్పుకొనెను. నగరమందలి తలుపులపై గీచిన శిలువయే బిడ్డ నుదుటికి ఎక్కినదని తోచక మానదు. ఊరు విడిచి క్షేమముగ నున్న యజమానిని, లోపల చిక్కుకొన్నవారిని ఒకే నాటకమున నిలిపిన కలము ఎవరిదో తెలిసికొన్న పిమ్మట లవ్‌విట్ పాత్ర మాకు వేరుగ కనిపించినది. జాన్సన్ అతనిని తిట్టలేదు. పారిపోయి వచ్చిన ఆ యజమానికే చివరకు ఇల్లు, దోచిన సొత్తు, అదనముగ ఒక పడుచు విధవయు దక్కినవి. సటిల్, డాల్ వట్టిచేతులతో గోడదూకి పోయిరి. ఫేస్‌కు శిక్షయే లేదు.

మన గురజాడవారి గిరీశము ఫేస్‌కు దూరపు బంధువని చెప్పవచ్చును. మాటలే ఇద్దరికిని పెట్టుబడి. అయినను 'కన్యాశుల్కము'న సౌజన్యారావు పంతులు వంటి ధర్మమూర్తి యొకడుండి గిరీశమును గడప దాటించెను. జాన్సన్ నాటకమున అట్టి పెద్దమనిషి లేడు. ఉన్నంతలో నిజము పలికిన సర్లీ నవ్వులపాలైనాడు. ఈ విషయమున జాన్సన్‌ది మరింత నిర్దయమైన చూపు.

2020 మార్చి 16న లండను నాటకశాలలు మరల మూతపడినవి. ఆ మే నెలలో బెర్లిన్ ఆన్సాంబుల్ వారు తమ శాలలోని సుమారు 700 ఆసనములలో 500 పెరికివేసి, మిగిలినవానిని జంటలుగను ఒంటరిగను నిలిపిరి. లండనులో 900 మంది పట్టు బ్రిడ్జి నాటకశాల 250 మందితో తెరచుకొని, అలన్ బెన్నెట్ వ్రాసిన 'టాకింగ్ హెడ్స్' ఏకపాత్రలను ఆడించినది. ఒక్కొక్కరే వచ్చి తమ ఒంటరితనమును, కుత్సితమును, తమకే తెలియని దుఃఖమును నవ్వు పుట్టించునట్లు చెప్పుకొను రచనలవి. ఎడమును పాటింపవలసిన కాలమున అంతకంటె తగిన నాటకము దొరకదు. రేడియో నాటకమునకు ఈ చిక్కే లేదను సంగతి మన శ్రోతలకు వేరుగ చెప్పనక్కరలేదు.

'రసవాది'ని మాత్రము అట్లు ఆడుట కుదరదు. మొదటి దృశ్యమే పెనుగులాట. సటిల్, ఫేస్ కలియబడగా డాల్ నడుమ దూరి కత్తి లాగికొనును. అటు పిమ్మట అంతయు త్రొక్కిసలాటయే. గజముల ఎడము పెట్టినచో ఆ నాటకమునకు ప్రాణము పోవును. 2021 నవంబరులో న్యూయార్కు నందు రెడ్ బుల్ థియేటర్ వారు జెఫ్రీ హాచర్ కూర్చిన కొత్తరూపమున దీనిని ప్రదర్శించిరి. శాలలు తెరచి యెన్నో దినములు కాలేదు. జాన్సన్ మూలమున నాటకాంతమందు ఫేస్ ప్రేక్షకుల వైపు తిరిగి తీర్పు వారికే విడుచును. తనను నిర్దోషిగా విడిచినచో, ఈ దోచిన సొమ్ముతో మీకు తరచుగా విందు చేసెదను, కొత్త అతిథులను గూడ పిలిచెదను అని ఆశ పెట్టును.