కొల్లేటి లంకలో ఒక రాత్రి



మా బాన్సువాడ వాళ్ళకు నీళ్ళంటే నిజాంసాగరే. అచ్చంపేట దగ్గర మంజీర నదికి అడ్డంగా ఆ కట్టను 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. కాలువ పారడం మొదలయ్యాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి మా ప్రాంతంలో భూములు కొనుక్కుని స్థిరపడ్డారు. వాళ్ళ ఊళ్ళను ఈనాటికీ క్యాంపులనే పిలుస్తాము. అలాంటి ఒక క్యాంపులో నాకు అక్కయ్య వరసైన స్నేహితురాలు ఉంది. ఆమె పుట్టిల్లు కైకలూరు దగ్గర.

“నువ్వు చూసింది కట్టిన చెరువు. పుట్టిన చెరువును కూడా చూద్దువుగాని రా” అని 2007లో సంక్రాంతి వెళ్ళాక నన్ను తన వెంట తీసుకుపోయింది. అట్లా చూశాను కొల్లేరును.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పెద్ద పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటి ఏళ్ళన్నీ వచ్చి అందులో పడతాయి. ఆ నీరు సముద్రానికి పోవడానికి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే దారి. సరస్సు మధ్య మిట్టల మీద ఊళ్ళున్నాయి. వాటిని లంకలంటారు. అక్కయ్య చిన్ననాటి నేస్తాన్ని అలాంటి ఒక లంకలో ఇచ్చారు. ఆమెను చూసి సాయంత్రానికి తిరిగి రావాలని మా ఆలోచన. నాలుగేళ్ళ మా బాబును ఒడ్డున అక్కయ్య వాళ్ళమ్మ దగ్గర వదిలి దోనె ఎక్కాము. ఆ ఇంటాయన గెడ వేస్తుంటే కిక్కిస దుబ్బుల మధ్య నుంచి వెళ్ళాము. తల పైన గూడబాతులు బారులు బారులుగా ఎగురుతున్నాయి.

మధ్యాహ్నం దాటాక గాలి లేచింది. “ఈ గాలికి దోనె కదలదండి. రాత్రికి ఇక్కడే పడుకోండి” అన్నారు ఆ ఇంటాయన. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. బాబు నేను లేనిదే నిద్రపోడాయె! నా ముఖం చూసి ఆ ఇల్లాలు పక్కన కూర్చుంది. “బాధపడకండి వదినగారూ. పురిటినొప్పులు పడుతూ కూడా గాలి తగ్గేదాకా ఆగిన ఆడవాళ్ళం మేము” అంది. ఇక నేను నోరెత్తలేదు.

వాళ్ళ ఇంటి అరుగు చాలా ఎత్తు. ఎక్కడానికి ఏడు మెట్లు. ఇన్నెందుకని అడిగాను. ఇల్లు మునిగిన ప్రతిసారీ అత్తామామలు అరుగు ఎత్తు పెంచుకుంటూ వచ్చారట. “ఫలానా ఏడు వరద మూడో మెట్టు, ఫలానా ఏడు ఐదో మెట్టు, అంతేనండి మా లెక్క” అంది.

రాత్రి చింతపులుసు పోసి కొర్రమీను వండి, వేడన్నం పెట్టింది. భోజనమయ్యాక మూలనున్న బిందెలో నీళ్ళు ముంచుకుని నేను చెయ్యి కడిగాను. ఆమె చూసింది గాని ఏమీ అనలేదు. పడుకోబోయే ముందు అక్కయ్య నా చెవిలో చెప్పింది, అవి ఒడ్డు నుంచి దోనె మీద తెచ్చుకున్న తాగే నీళ్ళని. చుట్టూ కనుచూపు మేర నీళ్ళే గదా అనుకున్నాను నేను! ఎగువ నుంచి ఊళ్ళ మురుగు, పొలాల మందులు వచ్చి కలిసే ఆ నీళ్ళు వాళ్ళు తాగేందుకు పనికిరావు.

పడుకున్నాక ఆమె అత్తగారు కథ చెప్పింది. ఒకప్పుడు గజపతుల కోట కొల్లేటికోటలో ఉండేదట. శత్రువులు ఒడ్డున చిగురుకోటలో దిగి, సరస్సు నీటిని సముద్రంలోకి వదిలేస్తే కోట చిక్కుతుందని కాలువ తవ్వించారట. అప్పుడు గజపతి సేనాని విజయం కోసం సొంత కూతుర్నే బలి ఇచ్చాడట. అందుకే ఉప్పుటేటికి పేరంటాల కనుమ అని పేరు వచ్చిందంటారు. గజపతుల సైన్యంతో ఒడ్ర దేశం నుంచి వచ్చి నిలిచిపోయిన వాళ్ళమని అక్కడి వడ్డీలు చెప్పుకుంటారు.

“ఆ పిల్ల పేరేమిటి మామ్మగారూ?” అని అడిగాను. “పేరంటాలేనమ్మా” అంది. పేరంటాలన్నది పేరు కాదు గదా! తర్వాత చదివి తెలుసుకున్నాను, రెండో పులకేశి ఐహోళె శాసనంలో, అంటే క్రీ.శ. 634 నాటి దాంట్లో, యుద్ధంలో నెత్తురుతో ఎరుపెక్కిన కునాల జలాల మాట ఉంది. అది కొల్లేరేనని చరిత్రకారులు గుర్తించారు. గెలిచిన రాజు పేరు రాతి మీద నిలిచింది. కథలో ప్రాణమిచ్చిన పిల్లకు పేరైనా మిగలలేదు.

తెల్లవారేసరికి గాలి తగ్గింది. వెళ్ళేటప్పుడు ఆ ఇల్లాలు కూడా మాతో దోనె ఎక్కి, తెగ్గొట్టిన చెరువు గట్లు చూపించింది. 1976 ప్రాంతంలో ప్రభుత్వం లంకల్లోని పేదలకు సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు ఇప్పించింది. తర్వాత డబ్బున్నవాళ్ళు దిగారు. వేల ఎకరాల్లో గట్లు లేచి నీటి దారులు మూసుకుపోయాయి. పక్షులు తగ్గాయి, ఎగువ పొలాలు మునిగాయి. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు, 308 చదరపు కిలోమీటర్లను పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రాంసార్ చిత్తడినేలల జాబితాకెక్కింది. 2006లో అక్రమ చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సు బతకాలంటే అది తప్పని పని, కాదనలేము.

“బయటి ఆసాముల గట్టూ, మా సొసైటీ గట్టూ ఒకలాగే పోయాయండి. ఆసామికి వేరే ఊళ్ళో పొలం ఉంది. మాకు ఈ ఏడు మెట్లే ఉన్నాయి” అందామె. దానికి నేనేం జవాబు చెప్పను? మా అత్తమ్మ వాళ్ళ అమ్మమ్మ ఊరు నిజాంసాగర్‌లో మునిగిపోయింది. నిండు జలాశయం మట్టం 1405 అడుగులని మా వాళ్ళందరికీ నోటికి వచ్చు. ఆ అమ్మమ్మ ఇంటికి ఎన్ని మెట్లుండేవో అత్తమ్మను నేనెప్పుడూ అడగలేదు.

ఒడ్డు చేరేసరికి మా బాబు హాయిగా ఆడుకుంటున్నాడు. అమ్మ ఏదని ఒక్కసారే అడిగాడట.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది గదా! ఆ నీరు చివరికి చేరేది కొల్లేటికే. వార్త వినగానే ఆమెకు ఫోను చేశాను. “ఐదో మెట్టు మీదున్నాయండి నీళ్ళు. ఇంకా రెండున్నాయి లెండి” అంది. ఆపైన, “బాబు ఏం చదువుతున్నాడు?” అని అడిగింది.

ఇంట్లో పెద్దవాళ్ళున్న సోదరీమణులకు ఒక్క మాట. మీ ఊరి నీళ్ళ గురించి, మునిగిన ఇళ్ళ గురించి, కట్టుకున్న మెట్ల గురించి వాళ్ళనడిగి రాసిపెట్టుకోండి. కాంటూరు ఎంతో కాగితాల్లో ఉంటుంది. మెట్ల లెక్క ఆడవాళ్ళ నోట్లోనే ఉంది. నేను మా అత్తమ్మను అడిగాను. అమ్మమ్మ ఇంటికి మూడు మెట్లట.

సెలవు.