నాన్న వాచీకి ఏ బెల్టు? చేతి గడియారం, దాని పట్టీ కథ

ఈ ఎపిసోడ్‌లో పాత డ్రెస్ వాచీల గురించి మాట్లాడుకున్నాం. వినడానికి టైము దొరకనివాళ్ళు బస్సులోనో, క్యాంపులోనో చదువుకోవడానికి ఇది రాసి పెడుతున్నా.

వాచీ అనగానే కంపెనీ పేరు చూస్తాం, రేటు అడుగుతాం. బెల్టు సంగతి చివర్లో, అదీ తెగినప్పుడే గుర్తొస్తుంది. కానీ చరిత్ర తిరగేస్తే, టైము చూపించే యంత్రం ఎప్పుడో తయారైపోయింది. దాన్ని పనిచేసే చేతికి ఎలా కట్టాలన్నదే చాలాకాలం తేలలేదు.

వంద, నూట ఇరవై ఏళ్ళ కింద దొరలంతా జేబు గడియారమే వాడేవాళ్ళు. చేతికి కట్టేది ఆడవాళ్ళ నగ అని వాళ్ళ లెక్క. ఆ లెక్క మార్చింది యుద్ధం. 1899 నుంచి 1902 దాకా దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో కొందరు సైనికులు జేబు గడియారాన్ని చిన్న తోలు గిన్నెలో బిగించి మణికట్టుకు కట్టుకున్నారు. తుపాకీ పట్టుకున్నవాడు జేబులో చెయ్యి పెట్టి టైము చూడలేడు కదా. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి గుండ్రటి కేసుకి రెండు పక్కలా తీగ వంచి అతికించేశారు. ఆ తీగలోంచి సన్నటి తోలు పట్టీ దూర్చేవాళ్ళు. పిన్ను తీసి బెల్టు మార్చుకునే పద్ధతి ఆ తర్వాత వాడుకలోకి వచ్చింది.

ఈ కథలో మనవాళ్ళూ ఉన్నారు. అదే యుద్ధంలో భారత సైనికులు మెసొపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో, పోరాడారు. ఆ సైన్యంలో వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ గడియారాలకు మంచి పేరు. 1886లో బొంబాయిలో మొదలైన కంపెనీ అది, మెషిన్లు మాత్రం స్విట్జర్లాండ్‌వి. దాని ‘సవార్’ మోడల్ పేరుకు గుర్రపు రౌతు అని అర్థం. మనం ఇప్పుడు నిలబడ్డ ఈ ఎడారి పక్కనే, వందేళ్ళ కింద మన దేశం మనిషి చేతి గడియారం చూసుకుంటూ డ్యూటీ చేశాడు.

యుద్ధం అయ్యాక చేతి గడియారం మగవాళ్ళ వస్తువైపోయింది. అప్పుడు దాన్ని సూటు కిందికి తగ్గట్టు నాజూకుగా చేయడం మొదలైంది. కార్టియే కంపెనీ 1917లో గీసిన ‘ట్యాంక్’, పాటెక్ ఫిలిప్ 1932లో తెచ్చిన ‘కలట్రావా’ ఈ రకానికి పెద్దన్నల్లాంటివి. ఆ కలట్రావా అడ్డం కొలత సుమారు 31 మిల్లీమీటర్లే. ఇప్పటి వాచీల పక్కన పెడితే పిల్లల వాచీ అనుకుంటారు. పల్చటి కేసు, రెండు మూడు ముళ్ళు, శుభ్రమైన డయల్, చొక్కా కఫ్ కింద దూరిపోయే సన్నటి తోలు బెల్టు. డ్రెస్ వాచీ అంటే ఇదే. ఆ బెల్టు ఫ్యాను కింద కూర్చుని సంతకాలు పెట్టే చేతి కోసం తయారైంది. చెమట కోసం కాదు.

ఇక మన ఇళ్ళలోకి వద్దాం. 1961లో హెచ్ఎంటీ జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. ‘జనతా’ లాంటి కీ ఇచ్చే వాచీలు రూపంలో అచ్చం డ్రెస్ వాచీలే. కానీ పెట్టుకున్నదెవరు? బస్సు కండక్టరు, బడి పంతులు, పంచాయతీ గుమాస్తా. పెళ్ళిలో అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో పెట్టిన రోజులవి. సూటు కోసం పుట్టిన వాచీ మన దగ్గర ఎండలో, దుమ్ములో పనిచేసింది. తోలు బెల్టు మన ఎండకి నల్లబడి, కంపు కొట్టి, కొన్నాళ్ళకి తెగేది. అందుకే ఎంతోమంది నాన్నలు స్టీలు చైనుకి మారారు.

మన హైదరాబాదుకీ ఒక వాచీ ఉండేది. 1942లో నిజాం కాలంలో మొదలైన ఆల్విన్ కంపెనీ ఫ్రిజ్‌లు చేసింది, బస్సు బాడీలు కట్టింది, 1980ల్లో జపాన్ సీకో సహకారంతో వాచీలూ చేసింది. అదే రోజుల్లో గల్ఫ్ నుంచి లీవు మీద వచ్చేవాళ్ళ చేతికి సీకో 5 ఉండేది. 1963లో మొదలైన ఆ రకం డ్రెస్ వాచీ కాదు. నీటిని తట్టుకునేట్టు, రోజూ కష్టానికి నిలిచేట్టు చేసిన ఆటోమేటిక్. ఒకే ఊళ్ళో మేనమామ చేతికి ఆల్విన్, దుబాయ్ నుంచి వచ్చిన అల్లుడి చేతికి సీకో. రెండింటి వెనకా ఉన్నది ఒకే జపాన్ కంపెనీ.

1969లో సీకోనే క్వార్ట్జ్ చేతి గడియారం తెచ్చింది. 1984లో టైటాన్ పుట్టి క్వార్ట్జ్‌తోనే మన మార్కెట్టు పట్టేసింది. ఆల్విన్ ఫ్రిజ్‌ల విభాగం 1990ల్లో వోల్టాస్‌కి పోయింది, వాచీలూ ఆగిపోయాయి. హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసేయడానికి కేంద్రం 2016 జనవరిలో ఒప్పుకుంది. ఇప్పుడు నెట్‌లో రంగురంగుల హెచ్ఎంటీలు కొత్తవిలా మెరుస్తూ అమ్ముతున్నారు. వాటిలో చాలావాటికి డయల్ గీకి మళ్ళీ రంగు వేసి ఉంటారు. అక్షరాలు మందంగా, వంకరగా ఉన్నా, కేసు అరిగిపోయి డయల్ ఒక్కటే తళతళలాడుతున్నా అనుమానించండి. మీ నాన్న వాచీ డయల్ మీద మచ్చలుంటే ఉండనివ్వండి. రంగు వేశాక పాతది తిరిగి రాదు.

మార్చగలిగేది బెల్టు ఒక్కటే. అందుకే దాన్ని ఆలోచించి కొనాలి.

ముందు కొలత. బెల్టు పట్టే రెండు కొమ్ముల మధ్య దూరం సైట్లో వెర్నియర్ ఉంటే దాంతో, లేకపోతే స్కేలుతో చూడండి. పాత మగవాళ్ళ డ్రెస్ వాచీలకు ఎక్కువగా 16 నుంచి 18 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇప్పుడు షాపుల్లో 20, 22 ఎక్కువ. 20ది నొక్కి 18లో దూర్చమనకండి. అంచులు మడత పడతాయి, పిన్ను మీద బరువు పడుతుంది.

తోలైతే లోపల మెత్త లేని పల్చటిది తీసుకోండి. లావు బెల్టు పల్చటి వాచీని మింగేస్తుంది. తెల్ల కేసుకి నలుపు, బంగారు రంగు కేసుకి గోధుమరంగు పాత పద్ధతి. మొసలి తోలు అని చవగ్గా ఇస్తే అది సాధారణంగా దూడ తోలు మీద అచ్చు. నిజమైన మొసలి తోలైతే దేశం దాటించేటప్పుడు కాగితాలు అడగొచ్చు. ఎయిర్‌పోర్టులో తలనొప్పి ఎందుకు?

రోజూ పెట్టుకోవాలంటే అల్లిన నైలాన్ బెల్టు మేలు. గాలి ఆడుతుంది, కడిగితే వాసన పోతుంది. వాచీ వెనక నుంచి ఒకే ముక్కగా వెళ్ళే నైలాన్ పట్టీని బ్రిటిష్ సైన్యం 1973లో ప్రమాణంగా పెట్టుకుంది. ఒక పిన్ను ఊడినా వాచీ కింద పడదు. కాకపోతే వాచీ కొంచెం ఎత్తుగా కూర్చుంటుంది. బరువైన స్టీలు చైను మాత్రం పాత పల్చటి కేసుకి వద్దు, పిన్ను కన్నాలు అరిగిపోతాయి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తా. పాత వాచీ సైటుకి వద్దు. చాలావాటి కేసు ఇత్తడి మీద క్రోమ్ పూత, వెనక మూత ఒక్కటే స్టీలు. చెమట ఉప్పు ఆ పూతను తినేస్తుంది. కీ పక్కనుంచి తేమ పోతే లోపల తుప్పు. సైటుకి చవక క్వార్ట్జ్ చాలు. నాన్న వాచీ శుక్రవారాలకి, పండగలకి, పెళ్ళిళ్ళకి.

ఈసారి లీవుకి వెళ్ళినప్పుడు బీరువా సొరుగులో వెతకండి. దొరికితే ఊళ్ళో పాత వాచీ మెకానిక్ ఉన్నంతలోనే శుభ్రం చేయించి, నూనె పెట్టించండి. తెగిన బెల్టు ఉంటే పారేయకండి, కవర్లో దాచండి. నాన్న ఏ కన్నానికి పెట్టుకునేవాడో దాని మీద ముడత చూస్తే తెలుస్తుంది.