చక్రములమీది సంసారము

ఇంగ్లండు నౌకాదళమున వైద్యుడుగా పనిచేసి, ఆరోగ్యము చెడి కొలువు మానుకొని, బాలురకు సాహసకథలు వ్రాయుచు కాలము గడపిన విలియం గార్డన్ స్టేబుల్స్, 1885వ సంవత్సరమున బ్రిస్టల్ నగరపు బండ్ల కర్మాగారములో తనకొక తిరుగుడు ఇల్లు కట్టించుకొనెను. జిప్సీలు తరతరములుగా బండ్లలోనే కాపురములు చేయుచుండిరి. పొట్టకూటికై గాక దేశాటనానందమునకై ఒక గృహస్థుడు అట్టి బండి చేయించుకొనుట అదియే తొలిసారి యని పలువురు చెప్పుదురు. రెండు గుఱ్ఱములు లాగెడి ఆ ‘వాండరర్’ లోపల మేలిరకపు కొయ్యపని, పుస్తకముల అర, పింగాణీ పాత్రల బీరువా, చిన్న హార్మోనియము, రాత్రి పడకగా మారెడు సోఫా అమరియుండెను. సేవకుడొకడు మూడుచక్రముల సైకిలుపై ముందుగా సాగి త్రోవ చూచుచుండెను. ఇంత వైభవమున్నను, ప్రొద్దు గ్రుంకినచో గుఱ్ఱములకు లాయము వెదకుట తప్పలేదు.

మోటారు వచ్చినపిదప ఈ సరదా అమెరికాకు ప్రాకెను. 1910లో పియర్స్-ఏరో సంస్థ న్యూయార్కున ప్రదర్శించిన టూరింగ్ లాండో బండిలో వెనుక సీటు పడకయగును. డ్రైవరు సీటు వెనుకనుండి చేతులు కడుగుకొను తొట్టి విచ్చుకొనును. యజమాని డ్రైవరుతో మాటాడుటకు టెలిఫోను కలదు. 1915లో రోలండ్ కాంక్లిన్ తన కుటుంబముకొఱకు చేయించిన ‘జిప్సీ వాన్’లో షవరు, విద్యుద్దీపములు, మేడమీద తోట కూడ నుండెను. ఇవి ధనికుల ముచ్చటలు. ఇట్టి బండ్ల నిజమైన చరిత్రను నేను సోఫాలలో వెదకను. నీరు, నిప్పు, చలువ, మురుగు అను నాలుగింటికి పరులపై ఆధారపడుట ఎట్లు తగ్గినదో అందులో వెదకుదును.

ఆర్థికమాంద్యము ముగియని 1936లో, వాలీ బయమ్ అల్యూమినియపు రేకులతో నిర్మించి 1,200 డాలర్లకు అమ్మిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్‌లో నలుగురు నిద్రింపవచ్చును, సొంత నీటి తొట్టి యున్నది, దీపములున్నవి. బయటి తీగెలతో, గొట్టములతో పనిలేక బండి తనంత తాను నిలుచు నేర్పు 1957 నాటి నమూనాలో సిద్ధించెను. స్నానపు నీటి కొక తొట్టి, మరుగుదొడ్డి కొక తొట్టి వేఱుగా నుంచుట నేడు సర్వసామాన్యము.

చలువ సంగతి మాత్రము కొంత నిలిచి చూడదగినది. 1922లో స్టాక్‌హోమ్ సాంకేతిక విద్యాలయ విద్యార్థులు బాల్ట్‌జర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ అనువారు మంటతో మంచు పుట్టించు ఉపాయము కనిపెట్టిరి. మూసిన గొట్టములలో అమోనియా, నీరు, హైడ్రోజను నింపి అడుగున చిన్న జ్వాల నుంచినచో, నీటినుండి విడివడిన అమోనియా పైకెగసి, చల్లారి ద్రవమై, హైడ్రోజను నడుమ మరల ఆవిరియగుచు పెట్టెలోని వేడిమిని గ్రహించి, నీటిలో కలిసి మొదటి చోటికి చేరును. కదలెడు భాగమొక్కటి లేదు, చప్పుడు లేదు. గ్యాసు సిలిండరున్న చాలును, అడవిలోనైనను పాలు విరుగవు. కాని ద్రవము తన బరువుచేతనే జారవలెను గనుక బండి ఒరిగినచో యంత్రము చెడును. కావుననే యాత్రికుడు చేరిన చోటనెల్ల రసమట్టము చూచి చక్రముల క్రింద చెక్కలు సర్దుకొనెడివాడు. నేటి ఖరీదైన బండ్లలో మీట నొక్కినంతనే హైడ్రాలిక్ జాకీలు దిగి ఆ శ్రమ తీర్చుచున్నవి.

రహదారిపై బండి వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు మించరాదు. అందులో ఏడాది పొడుగున ఇద్దరు మసలుట కష్టము. ఇండియానా రాష్ట్రపు న్యూమార్ సంస్థ 1990లో గోడభాగము సోఫాతో సహా వెలుపలికి జరుగు అమరికను ప్రవేశపెట్టి ఆ యిరుకు తీర్చెను. నిత్యనివాసులకు ఇంతకంటె మేలుచేసిన కల్పన వేఱొండు లేదని నా అభిప్రాయము.

ఐనను ఇల్లమ్ముకొని బండియెక్కిన వానికి ఊరు, పేరులలో పేరొక్కటే మిగులును. ఉత్తరమెక్కడికి రావలెను, ఓటెక్కడ వేయవలెను? జో, కే పీటర్సన్ దంపతులు 1978లో స్థాపించిన ‘ఎస్కేపీస్’ సంఘము టెక్సాసు రాష్ట్రమున లివింగ్‌స్టన్ అను పట్టణములో కేంద్రము నెలకొల్పి, సభ్యుల ఉత్తరములందుకొని వారున్న చోటికి పంపుచు ఆ లోటు పూడ్చినది. వాహనము నడుపు శక్తి ఉడిగిన వృద్ధులును, రోగులును తమ బండిని అక్కడనే నిలుపుకొని, భోజనమునకు, పగటి పరిచర్యకు మాత్రము ప్రక్కనున్న సంఘపు శాలకు పోయి, రాత్రికి తమ పడకమీదనే నిద్రించుటకు అచ్చట ఏర్పాటున్నది.