ఘ్రాణశక్తి లోపం – మనఃస్థితి

వాసన తెలియడం మందగిస్తే హైపోస్మియా అనీ, పూర్తిగా పోతే అనాస్మియా అనీ వైద్యులు అంటారు. వైరస్ జబ్బులు, తలకు దెబ్బ, సైనస్ వాపు, ముక్కులో కండ పెరగడం, వయసు మీరడం దీనికి ముఖ్య కారణాలు. వాసన పోయినవారిలో కొందరిని దిగులు పట్టుకుంటుంది. డిప్రెషన్‌తో బాధపడేవారికి వాసనలు సరిగా తెలియకపోవడమూ కద్దు. ఈ సంబంధాన్ని వైద్యం చాలా ఆలస్యంగా పట్టించుకుంది.

అందుకు మూలం ఘ్రాణంపై ఉన్న పాత చిన్నచూపు. జర్మన్ తత్వవేత్త కాంట్ 1798లో, ఇంద్రియాల్లో ఘ్రాణం లేకపోయినా పెద్దగా నష్టం లేనిదన్నాడు. మనిషి మెదడులో వాసన సంకేతాలను అందుకునే ఘ్రాణ లంబిక చిన్నదిగా ఉండటం చూసి ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా 1879లో మనిషిని ఘ్రాణబలం లేని జీవుల్లో చేర్చాడు. ఇది అపోహేనని నాడీశాస్త్రవేత్త జాన్ మెక్‌గాన్ 2017లో సైన్స్ పత్రికలో వాదించేనాటికి వందేళ్లు దాటిపోయాయి.

చూపు, వినికిడి మెదడు పైపొరను చేరాలంటే థాలమస్ మీదుగా వెళ్లాలి. వాసనకు ఆ మజిలీ లేదు. ఘ్రాణ లంబిక నుంచి నేరుగా భయానికీ, ఉద్వేగానికీ కేంద్రమైన అమిగ్డలాకు చేరుతుంది. 1970ల నుంచి ప్రయోగశాలల్లో ఎలుకల ఘ్రాణ లంబికలను తొలగించి చూశారు. అవి స్థిమితం కోల్పోయాయి. డిప్రెషన్ మందులు వారాల తరబడి ఇస్తేనే కుదుటపడ్డాయి. అయితే లంబికను ముట్టుకోకుండా ముక్కులో వాసన మాత్రమే పోగొడితే అదే ఫలితం రాలేదు. కనుక వాసన పోతే డిప్రెషన్ వచ్చి తీరుతుందనడం తప్పు.

వాసన శక్తిని కొలవడానికి అమెరికాలో రిచర్డ్ డోటీ బృందం 1984లో గీకి వాసన చూసే 40 వాసనల పరీక్ష తెచ్చింది. ఘ్రాణ గ్రాహకాల జన్యువులను 1991లో వెల్లడించిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ వచ్చింది.

రోగుల గోడు లోకానికి వినిపించింది మాత్రం కోవిడ్‌తోనే. భారత ఆరోగ్య శాఖ 2020 జూన్ 13న వాసన, రుచి కోల్పోవడాన్ని కోవిడ్ లక్షణాల్లో చేర్చింది. జ్వరం తగ్గాక కూడా చాలామందికి అన్నం సయించలేదు. నాలుకకు ఉప్పు, పులుపు తెలుస్తున్నా కూరకు కమ్మదనం లేదు. కొందరికి వేయించిన ఉల్లి, వెల్లుల్లి, కాఫీ కుళ్లు కంపు కొట్టాయి. దీన్ని పరోస్మియా అంటారు. పసిబిడ్డ ఒంటి వాసన తెలియని తల్లి బాధ, తన ఒంటి వాసన ఎదుటివారికి ఎలా ఉందోనన్న బెరుకు, గ్యాస్ లీకైనా తెలియదన్న భయం – ఇవి చిన్నవి కావు. పైకి కనిపించని లోపం కాబట్టి ఇంట్లోవాళ్లూ తేలిగ్గా తీసుకుంటారు.

జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ బృందం 2009లో ఘ్రాణ శిక్షణను ప్రకటించింది: గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం వాసనలను రోజుకు రెండుసార్లు, 12 వారాలపాటు శ్రద్ధగా పీల్చడం. అందరికీ కాకపోయినా కొందరికి మేలు చేసింది. వాసన పోయిందని వచ్చినవారి ముక్కును పరీక్షించే వైద్యుడు, మనసెలా ఉందని కూడా తప్పక అడగాలి.