నిప్పు, మేత: తప్పు ఎవరిది?

"ఆదివాసీలు అడవికి నిప్పు పెడతారు, వాళ్ల పశువులు అడవిని తినేస్తాయి" అనే మాట వింటూనే పెరిగాం. రెండు చోట్ల ఏం జరిగిందో చూడండి.

కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు ఉంటారు. ఎండలు ముదరకముందే ఎండుగడ్డికి, రాలిన ఆకులకి చిన్న నిప్పు పెట్టేవాళ్లు. దాన్ని 'తరగు బెంకి' అంటారు. మంట నేలబారున పోయేది. నేలకి వెలుతురు తగిలి కొత్త గడ్డి, రకరకాల మొక్కలు లేచేవి. 1974లో ఆ కొండల్ని అభయారణ్యం చేశారు, నిప్పు పెట్టడం ఆపించారు. తర్వాత లాంటానా పొదలు అల్లుకుపోయి గడ్డిని మింగేశాయి. ఆ చిన్న మంటలే లాంటానా మొలకల్ని అణిచేవని సోలిగ పెద్దలు చెప్తారు.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేలది మేత కథ. పక్షుల కోసమని 1982లో అక్కడ పశువుల్ని ఆపేశారు. ఊరోళ్లు ఎదురు తిరిగితే పోలీసులు కాల్చారు, ప్రాణాలు పోయాయి. బర్రెలు మేసినంత కాలం ఏ ఒక్క గడ్డీ మిగతావాటిని తొక్కేయలేదు. అవి లేకపోయేసరికి ఒకే రకం గడ్డి నీళ్లని కప్పేసింది, పక్షులకే చోటు తగ్గింది. ఏళ్ల తరబడి పరిశోధించిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లే మేత అవసరమని తేల్చారు.

ఎక్కడ పడితే అక్కడ నిప్పు పెట్టమని కాదు. మండు వేసవిలో మంట అడవినే కాల్చేస్తుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అన్నదే మన పెద్దల చదువు. 2011లో సోలిగలు అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులు సాధించుకున్నారు. మనమూ మన పెద్దల్ని అడిగి రాసుకుందాం, గ్రామసభలో పెడదాం.