కరోనాతో ఆస్పత్రిలో చేరిన వాళ్లకు ఏమైంది? ప్రాణం మీదకు తెచ్చింది జ్వరం కాదు.. పడిపోయిన ఆక్సిజన్!

పుట్టపర్తి: జ్వరం తగ్గింది.. దగ్గు కూడా పెద్దగా లేదు.. మనిషి మామూలుగానే మాట్లాడుతున్నాడు. కానీ వేలికి ఆక్సీమీటర్ పెడితే రీడింగ్ 82! 2021 సెకండ్ వేవ్‌లో డాక్టర్లను కలవరపెట్టిన కేసులు ఇవే. ఆయాసం తెలియకుండానే రక్తంలో ఆక్సిజన్ పడిపోయే ఈ పరిస్థితినే 'హ్యాపీ హైపాక్సియా' అన్నారు.

రాష్ట్రంలో తొలి కేసు 2020 మార్చి 12న నెల్లూరులో బయటపడింది. ఏప్రిల్‌లో కొవిడ్ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చారు. పుట్టపర్తి అప్పటికి అనంతపురం జిల్లాలోనే ఉంది. సత్యసాయి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అనంతపురం ప్రభుత్వ సర్వజనాస్పత్రి, బత్తలపల్లి ఆర్డీటీ ఆస్పత్రి కొవిడ్ రోగులకు పెద్ద దిక్కయ్యాయి. పుట్టపర్తి నుంచి అనంతపురం దాదాపు 80 కిలోమీటర్లు. చుట్టుపక్కల పల్లెల వాళ్లకు ఎప్పుడు బయల్దేరాలన్నదే అసలు ప్రశ్న అయింది.

ఎవరు సీరియస్?

జ్వరం, పొడిదగ్గు, ఒళ్లునొప్పులు, నీరసం, వాసన-రుచి తెలియకపోవడం, కొందరిలో విరేచనాలు.. ఇవీ లక్షణాలు. ఎక్కువ మంది ఇంట్లోనే కోలుకున్నారు. కొందరికి మాత్రం మొదటి వారం చివర్లో అసలు ముప్పు మొదలైంది. వైరస్‌పై పోరాడాల్సిన రోగనిరోధక శక్తే అదుపు తప్పి ఊపిరితిత్తులను దెబ్బతీసింది.

కేంద్రం మార్గదర్శకాల ప్రకారం ఆక్సిజన్ 94, ఆపైన ఉంటే మైల్డ్. 90 నుంచి 93 మధ్య ఉంటే మోడరేట్, అంటే ఆస్పత్రిలో చేరాల్సిందే. 90 కంటే తగ్గితే సీరియస్.

5 రోజుల్లోనే..

ఆంధ్రప్రదేశ్, తమిళనాడు డేటాపై 2020 సెప్టెంబర్‌లో 'సైన్స్' జర్నల్‌లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. పాజిటివ్ వచ్చిన వాళ్లలో మరణాల రేటు 5-17 ఏళ్ల పిల్లల్లో 0.05 శాతమే. 85 ఏళ్లు దాటిన వాళ్లలో ఏకంగా 16.6 శాతం. చనిపోయిన వాళ్లలో 45 శాతం మందికి షుగర్ ఉంది. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులూ కనిపించాయి.

ఇంకో విషయం అంతకన్నా ముఖ్యం. చనిపోయిన వాళ్లలో సగం మంది ఆస్పత్రిలో చేరిన 5 రోజుల్లోపే కన్నుమూశారు. అమెరికాలో ఇది దాదాపు రెండు వారాలు. ఇక్కడ చాలామంది పరిస్థితి చేయిదాటాకే వచ్చి ఉండొచ్చన్నది దీనికి చెప్పే కారణాల్లో ఒకటి.

ప్రాణం నిలిపింది ఏంటి?

మొదటిది ఆక్సిజన్. అది అందకపోతే ఏమవుతుందో 2021 మే 10న తిరుపతి రుయా ఆస్పత్రిలో రాయలసీమ చూసింది. సరఫరాలో అంతరాయంతో 11 మంది చనిపోయారని అధికారులే ప్రకటించారు. బోర్లా పడుకోబెట్టడం కూడా చాలామందిలో ఆక్సిజన్ పెంచింది.

రెండోది చవకైన స్టెరాయిడ్ డెక్సామెథసోన్. వెంటిలేటర్ మీదున్న వాళ్లలో మరణాలను మూడో వంతు, ఆక్సిజన్ మీదున్న వాళ్లలో ఐదో వంతు తగ్గించిందని 2020 జూన్‌లో బ్రిటన్ పరిశోధకులు ప్రకటించారు. అయితే ఆక్సిజన్ అవసరం లేని వాళ్లకు దీంతో లాభం కనిపించలేదు. పైగా స్టెరాయిడ్‌తో షుగర్ పెరుగుతుంది. సెకండ్ వేవ్‌లో బ్లాక్ ఫంగస్ బారిన పడిన వాళ్లలో ఎక్కువ మంది షుగర్ ఉన్నవాళ్లు, స్టెరాయిడ్లు వాడినవాళ్లే.

డిశ్చార్జ్ అయ్యాక?

ఇంటికొచ్చాక కూడా కొందరిని నీరసం, ఆయాసం, నిద్రలేమి నెలల తరబడి వదల్లేదు. దీన్నే లాంగ్ కొవిడ్ అంటున్నారు.

టీకాలు వచ్చాక ఆస్పత్రి పాలయ్యే ముప్పు బాగా తగ్గింది. అయినా పెద్దవయసు వాళ్లు, షుగర్, గుండె జబ్బులు ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాల్సిందే. జ్వరం వచ్చినప్పుడు ఆక్సీమీటర్‌తో రోజుకు రెండు మూడుసార్లు చూసుకోవాలి. కూర్చున్నప్పుడు బాగానే ఉన్నా, 6 నిమిషాలు నడిచాక 94 కంటే తగ్గితే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. జ్వరం తగ్గిందని ఆగిపోవద్దు. స్టెరాయిడ్లు మాత్రం డాక్టర్ చెప్పకుండా మెడికల్ షాపులో కొని వేసుకోవద్దు.