తల్లి రక్తము

తల్లి రక్తమే కడుపులోని బిడ్డకు ఆహారము. అది క్షీణించినచో ఇద్దరికిని ముప్పు.

1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చెను. అచ్చటి బీద స్త్రీలు అనేకులు గర్భవతులై యుండగా తీవ్రమైన రక్తహీనతచే మరణించుచుండిరి. వారి భోజనమును విచారింపగా అందు కూరగాయలు, పండ్లు బహు కొద్ది. అట్టి తిండినే ఆమె ఎలుకలకు పెట్టగా వాటికిని రక్తము తగ్గెను. రొట్టె పొంగించు ఈస్టును కలిపి పెట్టగా తగ్గలేదు. అయినను ఎలుకలకు పట్టిన పేలవలన ఆ ఫలితము చెడియుండునేమో యని సందేహించి, కోతులపై మరల పరీక్షించెను. మార్మైట్ అను చవుకైన ఈస్టుసారముచే గర్భవతులు స్వస్థపడిరని 1931లో ప్రకటించెను.

ఆ సారములో రక్తమును వృద్ధిచేయు పదార్థమేదో అప్పటికి ఎవరును ఎరుగరు. 1941లో శాస్త్రజ్ఞులు పాలకూరనుండి ఒక పదార్థమును తీసి, ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. విల్స్ వెదకినది అదియే. 1945 నాటికి అమెరికాలో దానిని కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

నేడు ఆసుపత్రిలో గర్భవతులకిచ్చు ఇనుము మాత్రలో ఈ ఆమ్లమును కలదు. మీ యింటి కోడలు దానిని గూటిలో పెట్టి మరచెనా? ప్రేమతో జ్ఞాపకము చేయుడి. ఆమె పళ్లెములో గుప్పెడు ఆకుకూరయు వడ్డించుడి. ఆ చిన్న మాత్ర వెనుక ఎందరో తల్లుల మరణమును, ఒక స్త్రీ ఓర్పును ఉన్నవి.